నీలాపనింద, ఆనవాలు, తీర్పు: తొలినాటి తెలుగు నవలలో అపార్థానికి గురైన బాలిక

వ్యాససంగ్రహం

లోకం తప్పుగా అంచనా వేసిన ఆడపిల్ల కథ తెలుగు నవల పుట్టుకతోనే పుట్టింది. నరహరి గోపాలకృష్ణమశెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ (1872)లోని సోనాబాయి, కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ (1880)లోని రుక్మిణి ఇద్దరూ తాము కానివారుగా లోకం చేత ముద్ర వేయించుకున్నవారే. ఆ ముద్ర ఎలా పడింది, ఎలా తొలగింది, తొలగించే క్రమంలో నవల దేనిని ప్రశ్నించింది, దేనిని ప్రశ్నించకుండా విడిచిపెట్టింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. గురజాడ బుచ్చమ్మను, డా. పి. శ్రీదేవి ఇందిరను తులనకు స్వీకరించడమైనది.

కీలక పదాలు: తొలి తెలుగు నవల, కౌమారం, నీలాపనింద, వైధవ్యం, లంబాడీలు, సంఘసంస్కరణ.

1. ఉపోద్ఘాతం

చేయని తప్పు మీద పడటాన్ని తెలుగువారు ‘నీలాపనింద’ అంటారు. ఈ మాట మనకు వినాయకచవితి కథ ద్వారా బాగా అలవాటైంది. చవితినాటి చంద్రుణ్ణి చూసినందుకు శ్రీకృష్ణుడంతటివాడు శమంతకమణిని అపహరించాడన్న నింద మోయవలసి వచ్చింది. ఆయన అడవికి వెళ్లి, జాంబవంతుని గుహలో పోరాడి, మణిని తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టిన తరువాతగాని లోకం నమ్మలేదు. నిందితుడు తన నిర్దోషిత్వాన్ని ఒక వస్తువు రూపంలో తెచ్చి చూపవలసి రావడం ఈ కథలోని కీలకం. శకుంతలకు ఉంగరం, అశోకవనంలో సీతకు రాముని ముద్రిక ఇటువంటివే. సంస్కృతంలో దీనిని అభిజ్ఞానం అన్నారు. మన వాడుకలో ఆనవాలు. మణి దొరికితే కృష్ణుడు నిర్దోషి. ఉంగరం దొరికితే శకుంతల భార్య. మరి దొరకకపోతే? ఆ ప్రశ్న ఈ కథలలో లేవదు, ఎందుకంటే ఆనవాలు ఎప్పుడూ దొరుకుతుంది.

పంతొమ్మిదవ శతాబ్ది చివరి పాదంలో తెలుగులో నవల అనే కొత్త ప్రక్రియ తలెత్తినప్పుడు, అది యౌవనద్వారంలో ఉన్న ఆడపిల్లను తన కథకు కేంద్రంగానో, కేంద్రానికి సమీపంగానో తీసుకొంది. ఆ పిల్ల మీద నింద వేసింది, ఆనవాలు చూపి నింద తొలగించింది. తొలి తెలుగు నవల ఏది అన్న చర్చ మన సాహిత్యచరిత్రకారులలో చాలాకాలం సాగింది. దానికి ఇక్కడ ప్రసక్తి లేదు. రెండు రచనలలో ఏది తొలిదైనా రెండింటి కథా ఒక అపార్థం మీదే ఆధారపడి ఉందన్న సంగతికి మాత్రం ఆ చర్చలో తగినంత ప్రాధాన్యం లభించలేదు.

2. పేరు లేని వయసు

నేడు ‘టీనేజ్’ అని అలవోకగా అంటున్న దశకు ఆనాటి తెలుగు కుటుంబంలో చోటు లేదు. ధర్మశాస్త్ర సంప్రదాయం ఎనిమిదేళ్ల పిల్లను గౌరి అని, తొమ్మిదేళ్ల పిల్లను రోహిణి అని, పదేళ్ల పిల్లను కన్య అని పిలిచి, ఆ పైన రజస్వల అనే ఒకే మాటతో ముగించింది. అలంకారశాస్త్రం ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని విభజించినా, ఆ విభజన నాయకుని దృష్టి నుంచి చేసినదే. పదమూడేళ్ల అమ్మాయి ఒక ఇంటి కోడలు కావచ్చు, విధవ కావచ్చు. తనేమిటో తాను తెలుసుకుంటున్న మనిషి అనే మూడో స్థితి ఆమెకు లేదు.

చట్టం ఈ స్థితిని చాలా నెమ్మదిగా కదిలించింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి భార్య విషయంలో సమ్మతి వయసును పదేళ్లుగా నిర్ణయించింది. 1891లో దానిని పన్నెండుకు పెంచడానికే దేశమంతటా పెద్ద దుమారం చెలరేగింది. 1929లో చేసి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన శారదా చట్టం ఆడపిల్ల కనీస వివాహ వయసును పద్నాలుగు చేసింది. అది 1949లో పదిహేను, 1978లో పద్దెనిమిది అయింది. అంటే సోనాబాయి, రుక్మిణి కథలు అచ్చయిన కాలానికి సంప్రదాయ హిందూ వివాహానికి ఆడపిల్ల కనీస వయసు అన్న నిబంధన చట్టంలో లేదు. చట్టం మారినంత మాత్రాన ఆచారం మారలేదన్నదీ నిజమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లి జరిగింది. జాతీయ సగటు 23.3 శాతం. నేడు డిగ్రీ తరగతిలో ‘రాజశేఖర చరిత్రము’ చదివే అమ్మాయిల పక్క బెంచీ ఎందుకు ఖాళీ అయిందో ఈ అంకె చెబుతుంది.

ఈ నేపథ్యంలో చూసినప్పుడు తొలి నవలాకారులు ఆ వయసు పిల్లను కథలోకి తేవడమే ఒక సాహసం. తెచ్చిన తరువాత ఆమెను ఏం చేయాలో వారికి తెలియలేదనడం కూడా అన్యాయం కాదు.

3. సోనాబాయి: పుట్టుక అనే ఆనవాలు

లార్డ్ మేయో గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో బెంగాల్ గెజిట్‌లో ఒక ప్రకటన వెలువడింది. ప్రజల ఆచార వ్యవహారాలను దేశభాషలలో కథారూపంగా వర్ణించే గ్రంథాలను ఆ ప్రకటన కోరింది. కర్నూలులో డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేసిన నరహరి గోపాలకృష్ణమశెట్టి దాని ప్రేరణతో రచన సాగించి 1872లో ‘శ్రీరంగరాజ చరిత్రము’ను ప్రకటించాడు. దీనికి ‘సోనాబాయి పరిణయము’ అని మరొక పేరు. రచయిత దీనిని నవీన ప్రబంధమన్నాడు. నవల అనే మాట అప్పటికి తెలుగులో లేదు.

ఈ రెండు పేర్లలో మొదటిది రాకుమారునిది, రెండవది ఆడపిల్లది. సాహిత్యచరిత్రలలో మొదటిదే స్థిరపడింది. కథ మాత్రం రెండవ పేరులోనే ఉంది. లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయిని రాజవంశీకుడైన రంగరాజు ప్రేమిస్తాడు. కులాంతరం అన్న అడ్డు ఎదురవుతుంది. చివరకు ఆమె లంబాడీ పిల్ల కాదని, రంగరాజుకు స్వయానా మేనమామ కూతురని తేలుతుంది. తెలుగునాట మేనరికానికి మించిన సంబంధం లేదు కనుక అన్ని అభ్యంతరాలూ ఒక్కసారిగా తొలగి పెళ్లి జరుగుతుంది.

ఆమె మీద పడిన నింద ఏమిటని అడిగితే, లంబాడీ కావడమే. ఇది ఎవరూ నోరు తెరిచి వేసిన నింద కాదు, కనుక మామూలు అర్థంలో నీలాపనింద అనిపించదు. కాని కథ నడిచే తీరు అదే. ఆమె కాని దానిని ఆమె అనుకున్నారు, ఆనవాలు దొరికింది, అపోహ తొలగింది. తొలగింది సోనాబాయి విషయంలో మాత్రమే. ఆమెతో కలిసి ఆడుకున్న, ఆమెతో పాటు ఎడ్ల వెంట నడిచిన మిగిలిన తండా పిల్లల విషయంలో ఏ అపోహా తొలగలేదు. వారు నిజంగానే లంబాడీలు కనుక వారికి ఆనవాలు దొరికే అవకాశం లేదు.

ఇక్కడ చరిత్రను కొంచెం కలిపి చదవాలి. లంబాడీలు, లేదా బంజారాలు, శతాబ్దాల పాటు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి దక్కనులో వర్తకం సాగించినవారు. సైన్యాలకు ధాన్యం అందించినవారు. మంచి బాటలు, ఆ వెనుక రైలు మార్గాలు వచ్చాక ఆ వృత్తి కుంగిపోయింది. తిరిగే జాతి ఏ పన్ను పుస్తకంలోనూ సరిగా ఇమడదు. అటువంటి జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా జమకట్టే చట్టం 1871లో, అంటే సోనాబాయి కథ అచ్చు కావడానికి ఒక్క ఏడాది ముందు వచ్చింది. అది మొదట ఉత్తర భారతానికే పరిమితం. 1911 నాటి చట్టంతోనే మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. కనుక గోపాలకృష్ణమశెట్టి ఆ చట్టాన్ని మనసులో పెట్టుకొని రాశాడనడం అతివ్యాప్తి అవుతుంది. అయినా ఒకే కాలపు ప్రభుత్వ యంత్రాంగం ఒకచోట జాతిని చూసి మనిషికి తీర్పు చెబుతుంటే, అదే యంత్రాంగంలోని ఒక తెలుగు ఉద్యోగి, ప్రభుత్వ ప్రకటనకు స్పందించి, జాతి పొరపాటున అంటిన ఒక పిల్ల కథ రాయడం గమనింపదగినది. ప్రశ్న రెండుచోట్లా ఒకటే, ఈ పిల్ల ఎవరికి పుట్టింది అని. జవాబు ఒకచోట శిక్ష, ఇంకొకచోట పెళ్లి. ఆ ముద్ర చట్టం నుంచి తొలగడానికి 1952 ఆగస్టు 31 దాకా ఆగవలసి వచ్చింది.

తిరువూరు ప్రాంతంలో చదువు చెప్పేవారికి ఇది పుస్తకాల సంగతి కాదు. గంపలగూడెం మండలంలోని నెమలి గ్రామం వేణుగోపాలస్వామి ఆలయంతో ప్రసిద్ధం. తిరువూరును ఆనుకొని ఉన్న ఎ.కొండూరు మండలం లంబాడీ తండాలకు నెలవు. నీలాపనింద మోసిన దేవుని గుడి ఒకవైపు, సోనాబాయి తోబుట్టువుల తండాలు మరొకవైపు ఉన్న ఈ సీమలో ‘సోనాబాయి పరిణయము’ను పాఠంగా చెబితే, చివరి అధ్యాయాన్ని అందరు విద్యార్థులూ ఒకే విధంగా వినరు. రాకుమారి అని తేలినందుకు కొందరికి ఊరట. ఆ ఊరటలో తమకు భాగం లేదని మరికొందరికి తెలుస్తూనే ఉంటుంది.

రచయితను ఇందుకు తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక లంబాడీ పిల్ల ప్రేమకు అర్హురాలని, రూపగుణాలలో రాకుమారికి తీసిపోదని కథ పొడుగునా పాఠకుని చేత నమ్మించడం 1872లో చిన్న పని కాదు. ఆ నమ్మకాన్ని చివరి వరకు నిలబెట్టే ధైర్యం మాత్రం కథకు చాలలేదు.

4. రుక్మిణి: బతికి ఉన్న భర్త అనే ఆనవాలు

వీరేశలింగం 1874లో స్థాపించిన ‘వివేకవర్ధని’లో 1878 నుంచి ధారావాహికగా వెలువడిన రచన 1880లో పుస్తకమైంది. ‘వివేకచంద్రిక’ అన్న మరో పేరు కూడా ఉన్న ‘రాజశేఖర చరిత్రము’ను ఆయన వచన ప్రబంధమన్నాడు. దీనిని విమర్శించే సందర్భంలోనే కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ‘నవల’ అనే మాటను వాడాడు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దీనికి ప్రేరణ అన్నది విదితమే. అనుకరణ ఎంత, స్వతంత్రం ఎంత అన్న వాదం బ్రహ్మయ్యశాస్త్రి నాటి నుంచి ఉంది. ఆ వాదంలో సాధారణంగా రాజశేఖరుడికి వికారుకు, మారువేషంలో ఉన్న ప్రభువుకు మారువేషంలో ఉన్న ప్రభువుకు పోలికలు చూపి ఊరుకుంటారు. నా దృష్టిలో అసలు తేడా తెలిసేది కూతుళ్ల దగ్గర.

గోల్డ్‌స్మిత్ నవలలో పెద్దకూతురు ఒలీవియా. జమీందారు థార్న్‌హిల్ మాటలు నమ్మి అతనితో లేచిపోతుంది. జరిగిన పెళ్లి దొంగపెళ్లి అని తేలుతుంది. ఆమె శీలం పోయిన పిల్ల అయింది. ఆమె చనిపోయిందన్న వార్త కూడా తండ్రికి చేరుతుంది. చివరకు ఆమె బతికే ఉందని, జమీందారును మోసగించి అతని అనుచరుడు నిజమైన పురోహితుణ్ణే తెచ్చాడని, కనుక పెళ్లి చెల్లుతుందని బయటపడుతుంది. ఒలీవియా ధర్మపత్నిగా నిలుస్తుంది. ఆనవాలు అన్నమాట తెలియని ఇంగ్లీషు నవలలో కూడా ఆనవాలే పని చేసింది.

ధవళేశ్వరంలో రాజశేఖరుని పెద్దకూతురు రుక్మిణికి ఈ కథ యథాతథంగా సరిపోదు. అప్పటికే పెళ్లయిన తెలుగు బ్రాహ్మణ కుటుంబపు పిల్ల జమీందారుతో లేచిపోవడం ‘వివేకవర్ధని’ పాఠకులు సహించగల కథ కాదు. సంస్కర్త చెప్పదలచుకున్న కథా కాదు. ఒలీవియా మీద పడిన ముద్రకు సరితూగే ముద్రను వీరేశలింగం తన సమాజంలో వెతికాడు. అది వైధవ్యం. రుక్మిణి భర్త నృసింహస్వామి కాశీ వైపు వెళ్లిపోయాడు, అక్కడ చనిపోయాడన్న వార్త వచ్చింది. ఆ వార్తతో ఒక్క పూటలో రుక్మిణి ముత్తైదువ స్థానం నుంచి జారిపోయింది. ఇంగ్లీషు ఒలీవియా ఒక తప్పు చేసి, చేసినదానికంటే పెద్ద శిక్ష మోసింది. తెలుగు రుక్మిణి చేసినది ఏమీ లేదు. ఎక్కడో దూరాన ఎవరో చనిపోయారన్న కబురు ఆమెను దోషిని చేసింది. విధవను దోషి అనవచ్చునా అన్న సందేహం అక్కరలేదు. శుభకార్యానికి ఎదురు రాకూడదనే ఆంక్ష, బొట్టు, గాజులు, జుట్టు తీసివేయడం, ఒంటిపూట భోజనం, ఇవన్నీ శిక్షలే. ‘మొగుణ్ణి మింగింది’ అన్న తిట్టు శిక్ష వెనుక ఉన్న అభియోగం.

గోల్డ్‌స్మిత్‌లోని వ్యక్తిగత అపవాదును వీరేశలింగం సామాజిక స్థితిగా మార్చాడు. ఆయన స్వతంత్రతకు ఇంతకు మించిన నిదర్శనం మరొకటి చూపనక్కరలేదని భావిస్తాను. జ్యోతిషం, భూతవైద్యం, రసవాదం మీద ఈ నవలలోని విమర్శకు విమర్శకులు ఎంతో చోటిచ్చారు. అవి పైకి కనబడే సంస్కరణలు. రుక్మిణి పాత్రలో జరిగినది కథ అట్టడుగున జరిగిన సంస్కరణ.

ఆ తరువాత కుటుంబం ఆస్తి పోగొట్టుకొని కాశీయాత్రకని బయలుదేరుతుంది. దారిలో దొంగలు పడతారు. రుక్మిణి చనిపోయిందనుకొని తల్లిదండ్రులు విలపిస్తూ ముందుకు సాగుతారు. ఆమె చనిపోలేదు. పురుషవేషం వేసుకొని తన దారిన తాను బతుకుతుంది. ఈ ఘట్టాన్ని కథలోని అద్భుతాంశంగా, పాత కథల పద్ధతిగా తీసివేయడం పరిపాటి. దానిని మరికొంత నిదానంగా చదవాలి. రుక్మిణి నవలలో స్వేచ్ఛగా తిరిగిన కాలమంతా ఆమె రుక్మిణి కాదు. తల్లిదండ్రుల లెక్కలో ఆమె మృతురాలు, లోకం లెక్కలో మగవాడు. కూతురు, భార్య, విధవ అనే మూడు మాటలూ ఆమెను వదిలిన తరువాతనే ఆమెకు సొంత నడక వచ్చింది. వీరేశలింగం ఇది తెలిసి రాశాడా అంటే, అంత దూరం ఊహించి ఉండడనే నా అభిప్రాయం. యౌవనవతి అయిన ఒంటరి స్త్రీని బాట మీద క్షేమంగా నడిపించడానికి మగవేషం తప్ప ఆయనకు మరో ఉపాయం తోచలేదు. తోచకపోవడం ఆ కాలానికి సాక్ష్యం.

చివర నృసింహస్వామి బతికి వస్తాడు. కబురు అబద్ధం. రుక్మిణి విధవ కాదు. చిన్నకూతురు సీతను అపహరించిన ప్రమాదమూ తొలగుతుంది. మారువేషంలో ఉన్న ప్రభువు తన రూపం చూపి దుష్టులను శిక్షిస్తాడు. రాజశేఖరుని సంపద తిరిగి వస్తుంది. జె. ఆర్. హచిన్సన్ 1887లో ఇంగ్లీషులోకి అనువదించి లండనులో ప్రచురించినప్పుడు దీనికి ‘ఫార్చూన్స్ వీల్’, అంటే భాగ్యచక్రం, అని పేరు పెట్టాడు. రాజశేఖరునికి ఆ పేరు తగినదే. చక్రం తిరిగింది, పోయినవి వచ్చాయి. రుక్మిణికి మాత్రం తగదు. ఆమెకు వచ్చినది భాగ్యం కాదు, ఒక వార్తకు సవరణ.

ఈ పాఠం చెప్పినప్పుడు తరగతిలో తరచు వచ్చే ప్రశ్న ఒకటే: ‘అతను నిజంగా చనిపోయి ఉంటే?’ నవలకు బయట ఉన్న ప్రశ్న అని దాటవేయడం సులభం. కాని నవలాకారుడే దానికి బయట జవాబు చెప్పాడు.

5. 1881 డిసెంబర్ 11

హిందూ వితంతు పునర్వివాహాన్ని చట్టబద్ధం చేసిన శాసనం 1856లోనే వచ్చింది. తెలుగునాట అది కాగితానికే పరిమితమైంది. 1879లో వీరేశలింగం రాజమహేంద్రవరంలో స్త్రీ పునర్వివాహం శాస్త్రసమ్మతమని బహిరంగంగా ఉపన్యసించాడు. 1881 డిసెంబర్ 11న గోగులపాటి శ్రీరాములు అనే యువకునికి, బాలవితంతువు గౌరమ్మకు తన ఇంట వివాహం జరిపించాడు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు. వెలి, తిట్లు, బెదిరింపులు ఎదురయ్యాయి. పట్టణమంతా రెండు పక్షాలైంది.

ఈ తేదీలను వరుసగా పేర్చి చూస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. 1878లో రుక్మిణి కథ మొదలుపెట్టిన రచయితకు ఒక తెలుగు విధవకు మళ్లీ పెళ్లి చేసిన అనుభవం లేదు, చూసిన అనుభవం కూడా లేదు. నవలలో ఆయన రుక్మిణికి రెండో పెళ్లి చేయలేదు. మొదటి భర్తను బతికించాడు. ధారావాహిక మొదలైన మూడేళ్లకు, పుస్తకం వచ్చిన ఏడాదికి, భర్తను బతికించే వీలు లేని గౌరమ్మకు పెళ్లి చేశాడు. సాహిత్యం జీవితానికి దారి చూపుతుందని మనం పదేపదే అంటుంటాం. ఇక్కడ జీవితమే సాహిత్యాన్ని దాటిపోయింది. రుక్మిణి విషయంలో లోకం పొరపడింది భర్త బతికి ఉన్నాడా లేడా అన్న వాస్తవంలో. గౌరమ్మ విషయంలో వాస్తవంలో పొరపాటు ఏమీ లేదు, ఆమె విధవే. పొరపాటంతా విధవ అయితే ఏమిటి అన్న ప్రమాణంలో ఉంది. మొదటి పొరపాటును సవరించడానికి ఆనవాలు చాలు. రెండోదాన్ని సవరించాలంటే ఎవరో ఒకరు పెళ్లిపీటల మీద కూర్చోవాలి.

గౌరమ్మ ఏమనుకుంది? ఈ వివాహాన్ని గురించి మనకు మిగిలిన కథనం ప్రధానంగా వీరేశలింగం స్వీయచరిత్ర. అందులో సంస్కర్త శ్రమ ఉంది, వ్యతిరేకుల కుట్రలు ఉన్నాయి, సహాయకుల ఔదార్యం ఉంది. వధువు అంతరంగానికి ఆ గ్రంథంలో చోటు బహుస్వల్పం. నవలలోని రుక్మిణికి ఉన్నపాటి దుఃఖవర్ణన కూడా చరిత్రలోని గౌరమ్మకు దక్కలేదు. చరిత్ర ఆమెను నిందించలేదు. ఒక విజయానికి గుర్తుగా నిలిపింది. అదీ ఒక రకంగా ఆమెను చూడకపోవడమే.

1883లో వీరేశలింగం స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రికను ప్రారంభించాడు, ‘సత్యవతీ చరిత్రము’ రాశాడు. సత్యవతి చదువుకున్న కోడలు. ఉమ్మడి కుటుంబంలో తన ఓర్పుతో, తెలివితో అందరినీ మారుస్తుంది. ఆమెను అత్తింటివారు మొదట తక్కువగా చూసినా, చివరకు ఆమె సద్గుణాలే ఆమె తరఫున సాక్ష్యం పలుకుతాయి. అమ్మాయిల కోసమని ప్రత్యేకించి రాసిన తొలి తెలుగు కథాగ్రంథాలలో ఇదొకటి కనుక ప్రస్తావించవలసి వచ్చింది గాని, పాత్రచిత్రణలో రుక్మిణి పక్కన నిలబడదు.

6. బుచ్చమ్మ: ఆనవాలు లేని పిల్ల

‘కన్యాశుల్కం’ నవల కాదు. అయినా ఈ చర్చలో దానిని విడిచిపెట్టలేము. 1892లో ప్రదర్శితమై, 1909లో పూర్తిగా మారిన రూపంలో వెలువడిన ఈ నాటకంలో వేషం విషయం ఒకటి విచిత్రంగా తలకిందులవుతుంది. రాజశేఖరునింట ఆడపిల్ల మగవేషం వేసింది. గురజాడ నాటకంలో కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం వేసుకొని లుబ్ధావధాన్లను పెళ్లాడతాడు. ఆడవేషంలోని మగపిల్లవాడు మాయమైనప్పుడు ముసలి మొగుడి మీద హత్యానేరం పడుతుంది. చేయని నేరం, నీలాపనింద, ఆనవాలు చూపి విడిపించడం, ఈ మొత్తం తంతు ఇక్కడ ఒక ముసలివాడి కోసం, హాస్యంగా జరుగుతుంది. పాత కథాపద్ధతి మీద ఇంతకంటే నిర్దయమైన వెక్కిరింత మన సాహిత్యంలో లేదేమో.

అదే నాటకంలో అగ్నిహోత్రావధాన్ల కూతురు బుచ్చమ్మకు ఆనవాలు ఏదీ దొరకదు. ఆమె నిజంగానే విధవ. గిరీశం మాటలు నమ్మి నిజంగానే ఇల్లు విడిచి వెళ్లింది. రుక్మిణి స్థితి, ఒలీవియా చేష్ట రెండూ ఒకే పిల్లలో కలిశాయి. ఆమెను రక్షించడానికి చనిపోయిన భర్త లేచి రాడు, దొంగపెళ్లి నిజంపెళ్లిగా తేలదు. గురజాడ ఆమెను పూనాలోని వితంతువుల వసతిగృహానికి, చదువుకు పంపే ఏర్పాటు సౌజన్యారావు చేత చేయించాడు. పెళ్లితో కాక బడితో ముగిసిన ఆడపిల్ల కథ అది. ఆమె పొరపాటు చేసిందని నాటకం దాచదు. పొరపాటు చేసిన పిల్లకూ ఒక రేపు ఉంటుందని అంటుంది. ఈ రెండు వాక్యాలను ఒకచోట చేర్చడానికి తెలుగు సాహిత్యానికి 1872 నుంచి ముప్పై ఏడేళ్లు పట్టింది.

బుచ్చమ్మ లోకజ్ఞానం లేని అమాయకురాలన్నది విమర్శలో స్థిరపడిన మాట. అమాయకత్వమే ఆమెకు మిగిలిన ఆనవాలు అనవచ్చు. గిరీశం మోసగాడు కాబట్టి, ఆమె ఏమీ ఎరుగనిది కాబట్టి మనం ఆమెను క్షమిస్తాం. అన్నీ ఎరిగిన పిల్ల అయితే?

7. ఇందిర

ఆ ప్రశ్నకు జవాబు ‘తెలుగు స్వతంత్ర’ వారపత్రికలో 1957-58లో ధారావాహికగా వచ్చింది. వృత్తిరీత్యా వైద్యురాలైన డా. పి. శ్రీదేవి (1929-1961) రాసిన ఒకే ఒక నవల ‘కాలాతీత వ్యక్తులు’. ఇందిర కౌమారం దాటిన యువతి కనుక ఈ వ్యాస పరిధికి అంచున నిలుస్తుంది. కాని ఆమె కౌమారం ఎలా గడిచి ఉంటుందో నవల అడుగడుగునా స్ఫురింపజేస్తుంది. చూపు లేని తండ్రి ఆనందరావు, ఆమె జీతం మీద నడిచే ఇల్లు, ఆమె మీదే అతని ఫిర్యాదులు. మేడ మీది గదిలో అద్దెకున్న వైద్య విద్యార్థి ప్రకాశాన్ని ఆమె కోరుకుంటుంది. కోరుకుంటున్నానని దాచదు. నవ్వుతుంది, సినిమాకు వెళుతుంది, అవసరమైతే అబద్ధమాడుతుంది, తోటి అమ్మాయి కల్యాణి పట్ల అసూయ పడుతుంది.

ఇటువంటి పిల్ల మీద లోకం వేసే ముద్ర ఏదో చెప్పనక్కరలేదు. విశేషమేమంటే ఆ ముద్రలోని వాస్తవాలలో చాలావాటిని నవల కాదనదు. ఇందిర స్వార్థపరురాలు అంటే అవును. మగవారితో చనువుగా ఉంటుంది అంటే అవును. శ్రీదేవి ఆమె తరఫున ఏ రహస్యాన్నీ చివరి అధ్యాయం కోసం దాచిపెట్టలేదు. గొప్ప ఇంటి పుట్టుక లేదు, పోయి వచ్చిన భర్త లేడు, అమాయకత్వం లేదు. ప్రకాశం పిరికితనం బయటపడి అతడు పెద్దల చాటుకు తప్పుకున్నప్పుడు ఆమె కూలిపోదు. తన సంగతులన్నీ తెలిసిన, ఎవరి సంగతులూ పెద్దగా పట్టించుకోని కృష్ణమూర్తిని చేసుకుంటుంది. ఆమెకు ఎదురుగా కల్యాణిని నిలిపిన తీరు కూడా పరిశీలించాలి. కల్యాణి అసలైన నీలాపనింద పాత్ర. నెమ్మదస్తురాలు, కష్టాలు పడినది, చేయనివాటికి మాట పడినది. పాత పద్ధతి నవల అయితే ఆమె కథానాయిక అయ్యేది. శ్రీదేవి ఆమెకు సానుభూతి ఇచ్చింది, డాక్టర్ చక్రవర్తి వంటి సంస్కారవంతుణ్ణి ఇచ్చింది; నవలను మాత్రం ఇందిరకు ఇచ్చింది.

ఈ నవలే 1963లో అన్నపూర్ణా సంస్థ నిర్మాణంలో, ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో ‘చదువుకున్న అమ్మాయిలు’ పేరుతో సినిమా అయింది. పేరులోనే మార్పు తెలుస్తుంది. కాలాన్ని దాటిన వ్యక్తులు చదువుకున్న అమ్మాయిలయ్యారు. వ్యక్తి పోయి వర్గం వచ్చింది. తొంభై ఏళ్లనాటి ‘సోనాబాయి పరిణయము’ రంగరాజు పేరున స్థిరపడినట్లే, ఇందిర కథ కూడా మరొక పేరున ఎక్కువమందికి చేరింది. నవలలోని ఇందిరను వెతుక్కునేవారు ఇప్పటికీ పుస్తకం దగ్గరకే రావలసి ఉంది.